ఆరుగురికి సరిపడే స్లో కుక్కర్ కొనాలి, ఏది తీసుకోమంటారు?

శైలు_ఫ్రిస్కో:

అందరికీ నమస్తే. మేము అమెరికాలో డల్లాస్ దగ్గరుంటాం. మా ఇంట్లో ఇప్పుడున్న స్లో కుక్కర్ (కూరని సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్) మూడున్నర క్వార్ట్‌లది (క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ), పెళ్ళైన కొత్తలో ఇద్దరికీ సరిపోతుందని తీసుకున్నాం, ఇప్పుడు పిల్లలిద్దరు, పైగా వచ్చే నెల అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తున్నారు ఆరు నెలలుంటారు, కేజీన్నర మటన్ వేస్తే మూత దాకా వచ్చేస్తోంది కాబట్టి పెద్దది తీసుకుందామని. ఆన్‌లైన్‌లో వెతికితే ముప్పై డాలర్ల నుంచి మూడొందల దాకా ఉన్నాయి. రివ్యూలు రాసేవాళ్ళంతా పాట్ రోస్ట్, చిల్లీ, పుల్డ్ పోర్క్ చేసుకునేవాళ్ళే, మన వంటకి ఎలా ఉంటుందో ఒక్కళ్ళూ చెప్పట్లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నేను దీంట్లో ఎక్కువగా చేసేది గోట్ మటన్, పాయా, హార్డ్ చికెన్ (ముదురు కోడి), పిల్లల కోసం రాజ్మా. మామయ్యగారికి ఉలవచారు అంటే ప్రాణం, అది కూడా చేయాలనుంది. ఇద్దరం పొద్దున ఏడున్నరకి బయల్దేరితే వచ్చేసరికి సాయంత్రం ఆరు అవుతుంది. పెద్దవాళ్ళు ఇంట్లోనే ఉంటారు కానీ వాళ్ళు ఇక్కడి వస్తువులు ముట్టుకోడానికి కాస్త మొహమాటపడతారు, దాన్ని చూసుకునే పని వాళ్ళమీద పెట్టడం నాకిష్టం లేదు.

ఇంకో సంగతి, అత్తయ్యగారు శనివారాలూ కార్తీక మాసం మొత్తం నీచు ముట్టరు, నీచు వండిన గిన్నెలో వండింది కూడా తినరు. దీనికి ఏం చేయాలో కూడా చెప్పండి.

మావారేమో ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెజర్ కుక్కర్) మీద స్లో కుక్ బటన్ ఉందిగా, మళ్ళీ ఇంకోటెందుకు కౌంటర్ మీద చోటు కూడా లేదు అంటున్నారు. బడ్జెట్ వంద డాలర్ల లోపు.


రాఘవ_ఎడిసన్:

శైలు గారూ, మా ఇంట్లో స్లో కుక్కర్ వారానికి రెండు మూడుసార్లు పొయ్యెక్కుతుంది కాబట్టి నాకు తెలిసింది కాస్త వివరంగానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు సైజు. ఆరుగురికి 6 క్వార్ట్‌లు తీసుకోండి, అంటే మన లెక్కలో ఐదున్నర లీటర్ల పైనే. 8 క్వార్ట్‌లది చూడగానే పెద్దది ఉంటే మంచిదేగా అనిపిస్తుంది కానీ ఈ కుక్కర్లు సగం నుంచి మూడింట రెండొంతుల వరకు నిండి ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి, వేడి వచ్చేది చుట్టూ ఉన్న గోడల్లోంచి కదా, అడుగున కొంచెం వేసి వదిలేస్తే అంచులమ్మట మాడిపోతుంది, మరీ మూత దాకా నింపితే మధ్యలో వేడెక్కడానికి గంటలు పడుతుంది. మీ మామూలు రోజు వంట ఎంతో దానికి కొనండి, నెలకోసారి పార్టీకి ఎంత కావాలో దానికి కాదు. గుండ్రంది కన్నా కోలగా ఉండేది తీసుకుంటే పాయా ఎముకలు, కోడి కాళ్ళు విరగ్గొట్టకుండా పడతాయి.

రెండోది, మీకు అన్నిటికన్నా ముఖ్యమైంది, టైమర్. మీరు పదిన్నర గంటలు ఇంట్లో ఉండరు. లో, హై, వార్మ్ అని మూడు గుర్తుల నాబ్ మాత్రమే ఉన్న మోడల్ అయితే మీరొచ్చి తిప్పేదాకా అలా ఉడుకుతూనే ఉంటుంది, ఎనిమిది గంటల మటన్ పదిన్నర గంటలకి పీచు పీచుగా అయిపోతుంది. ప్రోగ్రామబుల్ మోడల్‌లో లో మీద ఎనిమిది గంటలు అని పెడితే అవ్వగానే దానంతటదే వార్మ్‌కి మారిపోతుంది, పెద్దవాళ్ళు దాని దగ్గరికి వెళ్ళే పని కూడా ఉండదు. నాబ్ వాటికీ వీటికీ తేడా ఓ ఇరవై ముప్పై డాలర్లు, మీ పరిస్థితిలో ఆ డబ్బు పెట్టాల్సిందే. అంతకుమించి ఫోన్ యాప్‌లూ వైఫైలూ వద్దు, వాటివల్ల కూరకి ఒరిగేదేం లేదు.

చాలామంది అనుకునేదేంటంటే లో అంటే తక్కువ వేడి, హై అంటే ఎక్కువ వేడి అని. ఇప్పటి క్రాక్ పాట్ లాంటి బ్రాండ్లలో రెండూ చివరికి చేరేది దాదాపు ఒకే చోటికి, 209 ఫారెన్‌హీట్ దగ్గరకి, అంటే సన్నగా తెర్లే వేడి. హై మీద ఆ వేడికి త్వరగా చేరుతుంది, లో మీద నెమ్మదిగా చేరుతుంది, అంతే. హై మీద మూడు నాలుగు గంటలయ్యేది లో మీద ఏడెనిమిది గంటలు.

ఏది కొన్నా మొదటి రోజే ఒక పని చేయండి. సగానికి పైగా నీళ్ళు పోసి మూతపెట్టి లో మీద ఎనిమిది గంటలు వదిలేసి, మూత తీసిన వెంటనే థర్మామీటర్ పెట్టి చూడండి. 185 నుంచి 200 ఫారెన్‌హీట్ మధ్యలో ఉంటే బావున్నట్టు. 185 కన్నా తక్కువుంటే మాంసం వండటానికి పనికిరాదు, తిరిగిచ్చేయండి. 200 దాటుతుంటే వాడుకోవచ్చు కానీ రెసిపీల్లో రాసినంతసేపు అక్కర్లేదు, గంట తగ్గించుకోవాలి. రివ్యూలు వందలు చదివేకన్నా ఈ ఒక్క పరీక్ష నయం, ఒకే మోడల్‌లో కూడా పీస్ పీస్‌కి తేడా ఉంటుంది.

మూతకి క్లిప్పులుండేవి కనిపిస్తాయి, హామిల్టన్ బీచ్‌లోనూ క్రాక్ పాట్‌లోనూ ఉన్నాయి. అవి కార్లో పాట్‌లక్‌కి తీసుకెళ్ళడానికి, వండేటప్పుడు బిగించకూడదు. అదొక్కటి గుర్తుంచుకుంటే ఆ మోడల్స్ బావుంటాయి.


కిరణ్_ఆస్టిన్:

రాఘవ గారు అంతా చెప్పారు కానీ శైలు గారి భర్త అడిగింది కూడా న్యాయమే కదండీ. ఇన్‌స్టంట్ పాట్ ఉన్నాక వేరే ఎందుకు? మా ఇంట్లో మటన్ ప్రెజర్ మీద ముప్పావు గంటలో అయిపోతుంది. పొద్దున ఆరింటికి లేచి ఉల్లిపాయలు వేయించి మరీ సాయంత్రానికి వండుకునేదానికన్నా సాయంత్రం వచ్చాకే చేసుకోవచ్చుగా.


రాఘవ_ఎడిసన్:

కిరణ్ గారూ, ప్రెజర్‌లో చేసుకునేవాళ్ళని వద్దనట్లేదు, మా ఇంట్లో కందిపప్పు ఇప్పటికీ విజిల్ కుక్కరే. స్లో కుక్ బటన్ గురించి మాత్రం చెప్పాలి. ప్రెజర్ మల్టీ కుక్కర్లకి హీటర్ ఉండేది అడుగున మాత్రమే, గిన్నె పల్చటి స్టీలు. స్లో కుక్కర్‌కి చాలా మోడల్స్‌లో చుట్టూ హీటింగ్ బ్యాండ్ ఉంటుంది, లోపల మందపాటి సిరామిక్ గిన్నె ఆ వేడిని పట్టుకుని అన్ని వైపుల నుంచీ సమానంగా ఇస్తుంది. మల్టీ కుక్కర్‌లో స్లో కుక్ పెట్టినప్పుడు అడుగున ఓ వేడి, పైన ఓ వేడి. దాంట్లో లెస్ అని రాసి ఉన్నది మామూలు స్లో కుక్కర్ లో‌ సెట్టింగ్‌కి సమానం కాదు, అది నమ్మి గోట్ పెడితే సాయంత్రానికి ముక్క రబ్బరులాగే ఉంటుంది. ఆ బటనే వాడాలనుకుంటే మోర్ మీద పెట్టి, ప్రెజర్ మూత కాకుండా గాజు మూత పెట్టి చూడండి.

ఇంకోటి, ప్రెజర్‌లో నీళ్ళు 120 సెల్సియస్ దాకా వెళ్తాయి, మెత్తబడటం త్వరగా అవుతుంది నిజమే. కానీ పాయాలో మనకి కావాల్సింది ఎముకా కీళ్ళ దగ్గరుండే జిగురు నిదానంగా నీళ్ళలోకి దిగడం, ముక్క విడిపోకుండా. ఎనిమిది గంటల పాయా చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే జెల్లీలా గట్టిపడుతుంది చూడండి, స్పూన్ నిలబడుతుంది. దాని రుచి నాకైతే ప్రెజర్‌లో రాలేదు.


స్వాతి_రెడింగ్:

శైలూ, నేను యూకే నుంచి. ఇక్కడ చాలా ఇళ్ళల్లో స్లో కుక్కర్ ఉంటుంది, చలికాలం వచ్చిందంటే సూపర్ మార్కెట్లో ముందు వరసలోనే పెడతారు.

మన వంటకి నేను చూసేది ఒకటే, గిన్నె స్టవ్ మీద పెట్టొచ్చా లేదా అని. ఎందుకంటే మన కూరంతా తాలింపుతోనే మొదలవుతుంది కదా, ఉల్లిపాయ ఎర్రగా వేగాలి అల్లం వెల్లుల్లి పచ్చి వాసన పోవాలి మసాలా నూనె తేలాలి, స్లో కుక్కర్‌లో ఇవేవీ జరగవు, పచ్చి ఉల్లిపాయ వేస్తే ఎనిమిది గంటల తర్వాత కూడా ఉడికిన ఉల్లిపాయే, కూర మొత్తం తియ్యగా చప్పగా ఉంటుంది. సిరామిక్ గిన్నె అయితే స్టవ్ మీద పెట్టకూడదు పగిలిపోతుంది, కాబట్టి వేరే బాండీలో వేయించి దాంట్లోకి మార్చాలి, అడుగున అంటుకున్న మసాలా అంతా బాండీకే పోతుంది, పైగా తోమేది ఇంకోటి. ఇక్కడ మార్ఫీ రిచర్డ్స్ సియర్ అండ్ స్ట్యూ అని దొరుకుతుంది, గిన్నె అల్యూమినియందే, స్టవ్ మీద వేయించేసి అదే గిన్నె తెచ్చి బేస్‌లో పెట్టేయడమే. తేలిగ్గా కూడా ఉంటుంది, సిరామిక్ గిన్నె నిండా కూరతో ఎత్తాలంటే నా మణికట్టు పోతుంది.

అమెరికాలో అలాంటివి క్విజినార్ట్ త్రీ ఇన్ వన్, నింజా పాసిబుల్ కుక్కర్. వీటిల్లో అయితే గిన్నె తీసే పని కూడా లేదు, బేస్‌లోనే వేయించే సెట్టింగ్ ఉంటుంది. కాకపోతే వందలోపు దొరకాలంటే సేల్ రావాలేమో చూసుకో. మెటల్ గిన్నెకి ఒక లోపం ఉంది, కోటింగ్. గీతలు పడితే పోతుంది, గరిటె చెక్కదో సిలికాన్‌దో వాడాలి. సిరామిక్ అయితే పగలనంతవరకు ఎన్నేళ్ళైనా ఉంటుంది.

నీళ్ళ సంగతి కూడా చెప్తా, కొత్తది పెద్దది వచ్చిందని నీళ్ళు ఎక్కువ పోయకు. ఆవిరి బయటికి పోదు, మూత మీద చుక్కలు కట్టి మళ్ళీ లోపలికే పడుతుంది. మటన్‌లోంచే బోలెడు నీరు వస్తుంది. కేజీన్నర ముక్కలకి నేను కప్పు పోస్తానంతే. పెరుగు, కొబ్బరిపాలు, గరం మసాలా చివరి అరగంటలో వెయ్యి, మొదట్లోనే వేస్తే పెరుగు విరిగిపోతుంది, మసాలా వాసన అంతా పోతుంది. లవంగాలు దాల్చినచెక్క మాత్రం సగానికి తగ్గించు, ఎనిమిది గంటలు నానితే అవే డామినేట్ చేస్తాయి. బంగాళాదుంప, క్యారెట్ లాంటివి మాంసం కింద అడుగున వెయ్యి, మాంసం కన్నా అవే లేటుగా ఉడుకుతాయి దీంట్లో.


సంపత్_కరీంనగర్:

అన్నా అక్కా అందరికి నమస్తే. నేను హైదరాబాద్‌ల ఉంట. మా అన్న డల్లాస్‌ల ఉంటడు, దసరాకి వస్తుండు, అక్కడ సేల్ల స్లో కుక్కర్ సగం రేటుకే ఉంది తేవాల్నా అని అడిగిండు. మా ఇంట్ల రంజాన్ నెలల హలీం చెయ్యాల్నని ఎప్పటిసంది ఉంది నాకు. ఇక్కడ నడుస్తదా, ప్లగ్ మార్చే అడాప్టర్ పెడితే అయితదా?


రాఘవ_ఎడిసన్:

సంపత్ తమ్ముడూ, వద్దని చెప్పు అన్నయ్యకి. ఆ అడాప్టర్ మార్చేది పిన్నుల ఆకారాన్నే, వోల్టేజ్‌ని కాదు. ఇక్కడి కుక్కర్ 120 వోల్టులకి చేసింది, అక్కడ గోడలో వచ్చేది 230. హీటర్‌కి వోల్టేజ్ రెట్టింపైతే పవర్ నాలుగింతలవుతుంది, 250 వాట్లది 900 వాట్ల పైన లాగుతుంది. కాయిల్ పోవడమో, సిరామిక్ పగలడమో, అంతకన్నా పెద్ద ప్రమాదమో. వోల్టేజ్ తగ్గించే 500 వాట్ల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడొచ్చు కానీ అది ఇటుకంత బరువు, రాత్రంతా దాన్ని నమ్మి వదిలేయాలి. ఇండియాలోనే 230 వోల్టులది తీసుకో. యూకేలో చుట్టాలెవరైనా ఉంటే వాళ్ళ దగ్గర్నుంచి తెప్పించుకో, అక్కడా 230 వోల్టులే, ప్లగ్గు ఒక్కటి మారుస్తే చాలు.

హలీం చాలా బాగా వస్తుంది దీంట్లో. గోధుమలు ముందురోజు నానబెట్టు. కాకపోతే మెదపడం కుక్కర్ చేయదు, హైదరాబాద్ భట్టీల దగ్గర కర్రలు పట్టుకుని ఇద్దరు మనుషులు గంటలు గంటలు దంచుతారు చూశావా, ఆ పని నువ్వే చేయాలి. ఉడికాక మాంసం తీసి ఎముకలు ఏరేసి, పప్పుగుత్తితో బాగా మెదిపి మళ్ళీ వేసి గంట ఉంచు.


సంపత్_కరీంనగర్:

మంచిగ చెప్పినవ్ అన్నా, ఇప్పుడే ఫోన్ చేస్త.


హిమ_బాపట్ల:

శైలు గారూ రాజ్మా అన్నారు కదా అందుకే రాస్తున్నా. నేను బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివాను, ఈ విషయం మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు, పిల్లలు తినేది.

ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అని ఒక లెక్టిన్, అంటే విషంలా పనిచేసే ప్రొటీన్, ఉంటుంది, అది బాగా మరిగే వేడిలోనే పోతుంది. స్లో కుక్కర్‌లో నానబెట్టిన గింజలు డైరెక్ట్‌గా లో మీద పెడితే గింజ మెత్తబడుతుంది కానీ ఆ విషం పోయేంత వేడి రాకపోవచ్చు, పైగా అలా అరకొరగా వేడెక్కిన గింజ పచ్చిదానికన్నా ఎక్కువ హాని చేస్తుంది. నాలుగైదు గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు విరేచనాలు మొదలవుతాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టండి, ఆ నీళ్ళు పారబోయండి, కొత్త నీళ్ళు పోసి స్టవ్ మీద గట్టిగా తెర్లించండి, పది నిమిషాలు తగ్గకుండా, అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ఎఫ్‌డీఏ అయితే ముప్పై నిమిషాలు అంటుంది, నేనైతే ముప్పైకే ఓటేస్తాను. తర్వాత స్లో కుక్కర్‌లోకి మార్చుకోండి. డబ్బా రాజ్మా అయితే ఈ బాధ లేదు, ముందే ఉడికించి ఉంటుంది.

మాంసం విషయంలో ఇంకో రెండు. ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డని అలాగే వేయకండి, ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి కరిగించి వేయండి. 40 నుంచి 140 ఫారెన్‌హీట్ మధ్య వేడిలో మాంసం ఎక్కువసేపు ఉండకూడదు, గడ్డకట్టిన ముక్క గంటల తరబడి ఆ మధ్యలోనే ఉండిపోతుంది. అలాగే కొన్ని మోడల్స్‌లో ఆలస్యంగా స్టార్ట్ అయ్యే బటన్ ఉంటుంది, పచ్చి మాంసం లోపల పెట్టి నాలుగు గంటల తర్వాత ఆన్ అయ్యేలా పెట్టడం అసలొద్దు. మీరు ఆఫీసులో ఉండగా కరెంటు పోయి వచ్చిందని తెలిస్తే, అది ఎంతసేపు పోయిందో తెలియదు కాబట్టి, కూర ఉడికినట్టే కనిపించినా పారేయండి. టెక్సాస్‌లో గాలివానలప్పుడు పోతుంటుంది కదా. వార్మ్ సెట్టింగ్ ఉడికిన వంట వేడిగా ఉంచడానికే, ఫ్రిజ్‌లోంచి తీసిన నిన్నటి కూర దాంట్లో పెట్టి వేడిచేయొద్దు, స్టవ్ మీద బాగా వేడిచేసి అప్పుడు పెట్టండి.


కమలమ్మ_గుడివాడ:

శైలూ, తల్లీ, మా అమ్మాయి దగ్గర అట్లాంటాలో ఉన్నాను, ఈ కుక్కర్ మొదటిసారి చూసినప్పుడు మా అమ్మాయి ఏదో కొత్త వింత అన్నట్టు చెప్తుంటే నేనన్నాను, ఇది మన దాలే కదే అని. మా అత్తగారి ఊళ్ళో పెరట్లో దాలి గుంట ఉండేది. పొద్దున పాలు పితికి కుండలో పోసి, గుంటలో పిడకలు పేర్చి నిప్పేసి పైన ఊక జల్లి, కుండమీద చిల్లుల మూకుడు మూతపెట్టి వదిలేస్తే ఇంక సాయంత్రం దాకా దాని జోలికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. మంట కనపడదు, పొగ మాత్రం సన్నగా వస్తుంటుంది. సాయంత్రం మూకుడు తీస్తే పాలు లేత ఎరుపు రంగు, పైన మీగడ ఇటుక రంగులో మందంగా ఒరుగులా కట్టి, అంచుల్లో ముడతలు పడి ఉండేది. పిల్లలు ఆ అంచు గోక్కుని తినడానికి కొట్టుకునేవాళ్ళు. ఆ పాలు తోడేస్తే పెరుగు కత్తితో కోయొచ్చు.

స్లో కుక్కర్‌లో పాలు లో మీద పెట్టి మూత కొంచెం ఓరగా తీసి ఉంచితే ఏడెనిమిది గంటలకి దాదాపు ఆ రంగు వస్తుంది. పొగ వాసన ఒక్కటే రాదు. మీ అత్తగారికి శనివారం పూట చేసిపెట్టు, సంతోషిస్తుంది.

ఇక ఉలవచారు. ఉలవలు రాత్రి నానబోసి, పొద్దున ఆ నీళ్ళు వంపేసి కడిగి, పొయ్యి మీద ఒక పొంగు గట్టిగా కాగనిచ్చి తర్వాత దీంట్లో వెయ్యి, కప్పు ఉలవలకి ఏడెనిమిది కప్పుల నీళ్ళు, హై మీద ఐదారు గంటలు. గింజ వేళ్ళతో నొక్కితే పిండైపోవాలి. వడగట్టు, రెండు గరిటెల ఉలవలు మెత్తగా రుబ్బి ఆ కట్టులో కలుపు. చింతపండు మాత్రం మొదట్లో వేయకు, పులుపు పడితే గింజ ఉడకదు. వడగట్టాక చింతపండు రసం, ఉప్పు, కారం, పచ్చిమిర్చి వేసి పొయ్యి మీద వెడల్పు గిన్నెలో పెట్టి సగం అయ్యేదాకా మరిగించు, ఆ చిక్కబడే పని ఈ కుక్కర్ చేయలేదు. తాలింపు ఇంగువతో పెట్టు. వెన్నపూసో మీగడో వేసుకుని తినాలి. మా వైపు పూర్వం ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాళ్ళు, ఆ ఉడికిన నీళ్ళే ఇంట్లోకి వచ్చి చారయ్యేవి, ఎద్దుల కోసం ఎలాగూ పెద్ద డేగిసా పొద్దుటినుంచీ పొయ్యి మీదే ఉండేది కాబట్టి ఆ చారుకి అంత రుచి.

గిన్నె మాటకొస్తే, నాలాంటి మనుషులకి రెండో గిన్నె ఉంటేనే మనసు ఒప్పుతుంది. అడిగావు చూడు, అది మంచి పని చేశావు, చాలామంది కోడళ్ళు కడిగేశాంగా అంటారు.


రాఘవ_ఎడిసన్:

కమలమ్మ గారూ చాలా బాగా చెప్పారండీ. ఈ స్లో కుక్కర్ కనిపెట్టినాయన కథ కూడా అలాంటిదే. ఇర్వింగ్ నాక్సన్ అని షికాగోలో ఉండే యూదుడు, 1940లో పేటెంట్ వచ్చింది. వాళ్ళమ్మ లిథువేనియాలో చిన్నప్పుడు చూసింది చెప్పేదట, యూదుల విశ్రాంతి దినమైన సబ్బాత్ రోజు నిప్పు ముట్టించకూడదు కాబట్టి శుక్రవారం సాయంత్రమే చిక్కుళ్ళూ మాంసం కుండలో వేసి ఊరి బేకరీ పొయ్యిలో పెట్టేసేవాళ్ళు, ఆరిపోతున్న ఆ పొయ్యి వేడికే రాత్రంతా ఉడికి మర్నాటికి తయారయ్యేది, చోలెంట్ అంటారు. దాన్ని కరెంటులోకి తేవాలని ఆయన చేశాడు. రైవల్ కంపెనీ 1970లో ఆయన దగ్గర కొనుక్కుని 1971లో క్రాక్ పాట్ అని పేరుపెట్టి బయటికి తెచ్చింది, అమెరికాలో ఆడవాళ్ళు ఉద్యోగాలకి వెళ్ళడం పెరుగుతున్న రోజులు, అందుకే అంతలా అమ్ముడుపోయింది.


శైలు_ఫ్రిస్కో:

అమ్మో ఇన్ని సంగతులు ఎవరూ చెప్పలేదు నాకు, అందరికీ చాలా థాంక్స్. కమలమ్మ గారూ దాలి పాలు మా మామయ్యగారు కూడా చెప్తుంటారు, తప్పకుండా చేస్తాను. హిమ గారూ రాజ్మా గురించి మా ఫ్రెండ్స్ గ్రూప్‌లో కూడా పెట్టేశా.

రెండో గిన్నె సంగతి తేల్చండి ప్లీజ్. 6 క్వార్ట్ కుక్కర్‌కి ఎక్స్‌ట్రా గిన్నె విడిగా కొనుక్కోవచ్చా, లేక ఇంకో కుక్కరే కొనాలా? స్వాతి చెప్పిన వేయించే మోడల్ మీద మనసు పోతోంది కానీ అది కొంటే బడ్జెట్ అంతా దానికే అయిపోతుంది.


స్వాతి_రెడింగ్:

గిన్నెలు విడిగా దొరుకుతాయి కానీ మోడల్ నంబర్ కరెక్ట్‌గా మ్యాచ్ అవ్వాలి, కొంచెం సైజు తేడా ఉన్నా కూర్చోదు. చాలాసార్లు విడి గిన్నె రేటూ షిప్పింగూ కలిపితే నాబ్ కుక్కర్ కొత్తదే వచ్చేస్తుంది. ఇంకోటి, గిన్నె మార్చినా మూత అదే కదా, కొన్ని మోడల్స్‌లో మూత చుట్టూ రబ్బరు ఉంటుంది, మటన్ వాసన పట్టేది దానికే, ఎంత కడిగినా పోదు. అత్తయ్యగారికి కనిపించేది గిన్నె, వాసన వచ్చేది మూత.

నేనైతే ఇలా చేస్తా. నీ పాతది మూడున్నర క్వార్ట్‌లది పనిచేస్తోందిగా, దాన్ని పారేయకు. అయితే ఇన్నాళ్ళూ దాంట్లో నీచు వండావు కాబట్టి అది నీచుకే. ఇప్పుడు కొనే 6 క్వార్ట్‌లది దేనికన్నది నువ్వు ఆలోచించుకో. మటన్ కేజీన్నర చేయాలంటే పెద్దది నీచుకి కావాలి, అప్పుడు శాకాహారానికి ఒక చిన్న 4 క్వార్ట్ నాబ్ మోడల్ విడిగా తీసుకో, వార్మ్ ఉంటే చాలు, ఎందుకంటే శనివారం నువ్వు ఇంట్లోనే ఉంటావు, టైమర్ అవసరం లేదు. పాతది ఎవరైనా కొత్తగా వచ్చిన స్టూడెంట్‌కి ఇచ్చేయ్.


రాఘవ_ఎడిసన్:

స్వాతి గారి లెక్క బావుంది. 6 క్వార్ట్ ప్రోగ్రామబుల్ సిరామిక్‌ది ఒకటి, 4 క్వార్ట్ నాబ్‌ది ఒకటి, రెండూ కలిపి వందకి అటూఇటూ వస్తాయి. వేయించే మోడల్ తర్వాత ఎప్పుడైనా చూడొచ్చు. కందిపప్పు, అన్నం, చేపల పులుసు వీటికోసం మాత్రం దీన్ని వాడకండి, చేప ముక్క పావుగంటలో ఉడికేది, దీంట్లో చెదిరిపోతుంది. కరెంటు గురించి ఎవరూ అడగలేదు కానీ, 6 క్వార్ట్‌లది దాదాపు 250 వాట్లే, ఎనిమిది గంటలకి రెండు యూనిట్లు, డల్లాస్ ఎండల్లో ఓవెన్ పెట్టి ఇల్లు వేడెక్కించుకునేకన్నా చాలా నయం.


శైలు_ఫ్రిస్కో:

సరే ఫిక్స్. 6 క్వార్ట్ కోలగా ఉండే ప్రోగ్రామబుల్‌ది, 4 క్వార్ట్ గుండ్రటి నాబ్‌ది ఆర్డర్ పెట్టేశా ఇప్పుడే, రెండింటి బేస్‌లూ వేరే వేరే రంగులు తీసుకున్నా, అత్తయ్యగారికి చూడగానే తెలిసేలా. పాతది మావారి ఆఫీసులో కొత్తగా జాయినైన అబ్బాయికి ఇస్తున్నాం. ఆఖరి ప్రశ్న, కౌంటర్ క్వార్ట్జ్‌ది, డైరెక్ట్‌గా పెట్టొచ్చా?


స్వాతి_రెడింగ్:

వద్దు, కింద మందపాటి చెక్క పలకో వేడిగిన్నెల స్టాండో పెట్టు, ఎనిమిది గంటలు ఒకేచోట వేడి తగిలితే రాయికి మంచిది కాదు. గోడకి ఆనించకు, జానెడు దూరం ఉంచు, పక్కలు చెయ్యి కాలేంత వేడెక్కుతాయి, పిల్లలకి ముందే చెప్పు. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి కాకుండా గోడ ప్లగ్గులోనే పెట్టు. గిన్నె వేడిగా ఉండగా సింక్‌లో పెట్టి చన్నీళ్ళు తిప్పొద్దు, పసుపు మరక పడితే బేకింగ్ సోడా ముద్దలా చేసి రాసి రాత్రంతా వదిలేయ్.